గుట్ట రెండుసార్లే పిలుస్తుంది

పుప్పాలగూడ,
ఏప్రిల్ 14, 2025

నవనీతా,

మీ నాన్న నాకొక మాట ఇచ్చి తప్పాడు. యాభై ఏళ్లయింది. ఆ మాట ఏమిటో చెప్పను. ఆయన పోయాడు, పోయినవాళ్లకు సంజాయిషీ చెప్పుకునే వీలుండదు. కానీ మీ ఇంటి నుంచి ఏ కాగితం వచ్చినా నాకు ముందు గుర్తొచ్చేది అదే గనుక దాంతోనే మొదలుపెట్టాను.

నీ మొదటి ఉత్తరం ఉగాదికి ముందే అందింది. చదివి బల్ల మీద పెట్టాను. రెండోది వస్తే దాని మీద పెట్టాను. మూడోది నిన్న వచ్చింది, ఇవాళ రాస్తున్నాను. నొచ్చుకోకు. నన్నూ మీ అమ్మనూ మా అమ్మ పోచమ్మ అలా పెంచింది. ఊరి వెనక పిలుపుగుట్ట ఉండేది. "ఒకసారి పిలిస్తె పలుకకుండ్రి, రెండుసార్లు పిలిచినా పలుకకుండ్రి. గుట్ట ఎవలి గొంతయినా అరువు తెచ్చుకుంటది. మూడోసారికి దానికి దమ్ము చాలదు. మూడోసారి పిలిచేది మనిషే" అనేది. దానివల్ల నేను ఎన్ని బస్సులు ఎక్కలేకపోయానో, ఎన్ని పెళ్లి భోజనాలు పోగొట్టుకున్నానో. అయినా మానలేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసి మంచిపని చేశావు. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో యంత్రం పెట్టుకుంటే లోకంలో ఫ్యాను చప్పుడు ఒక్కటే ఉన్నట్టు వినిపిస్తుంది. తీసి డబ్బాలో పెట్టాను. ఎనిమిది కిలోమీటర్ల దూరానికి పోస్టువాళ్లు నాలుగు రోజులు తీసుకుంటారు. తీసుకోనీ. నాకు తొందర పనులేమీ లేవు.

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన మీ గ్రంథాలయంలో వేసవి చదువుల పండుగ పెట్టావనీ, ఏ పుస్తకాలు కావాలని పిల్లలనడిగితే అందరూ దయ్యాల నవలలే అడిగారనీ రాశావు. తెలివైన పిల్లలు. ఆర్టీసీ డిపోలో టైమ్ కీపర్‌గా బస్సుకూ బస్సుకూ మధ్య నేను చదివినవాటిలో సగం అవే.

"ఎండలో నీడలేనివాడు" పెట్టు. అందులో దయ్యం మిట్టమధ్యాహ్నం వస్తుంది. మన దేశంలో భయం అర్ధరాత్రి కాదు, ఊరంతా తలుపులు వేసుకొని పడుకున్న మధ్యాహ్నం ఉంటుందని ఆ రచయితకు తెలుసు. "అద్దె ఇంట్లో అయిదో మనిషి" సగం దాకా బాగుంటుంది. మాంత్రికుడు వచ్చి అంతా విడమరిచి చెప్పడం మొదలుపెట్టగానే పుస్తకం మూసేయమను. "నల్లబావి" మాత్రం వద్దు. వెన్నెల లేకపోతే ఆ రచయితకు దయ్యం కనబడదు. ప్రతి అధ్యాయంలోనూ పౌర్ణమే. ఆ రోజుల్లోనే ఆయనకు కార్డు రాశాను. పాఠకులు అడుగుతున్నారని జవాబిచ్చాడు. జనం అడిగిన చోటల్లా ఆపితే బస్సు డిపోకు ఎప్పుడు చేరుతుంది?

ఒక్క షరతు. మీ ఇంటి అలమారలోని పుస్తకమేదీ ఆ బల్ల మీద పెట్టొద్దు.

మేనమామ,
చంద్రయ్య

కొత్తగూడ,
ఏప్రిల్ 24, 2025

మామా,

దండం. నీ చేతిరాత అచ్చం అమ్మ చేతిరాతలా ఉంది. కవరు చూసి ఒక్క క్షణం ఆమే రాసిందనుకున్నాను. అమ్మ పోయి రెండేళ్లు. ఆమె తరఫు మనుషుల్లో నాకు మిగిలింది నువ్వొక్కడివే. అందుకే మూడుసార్లు రాశాను తప్ప నీ పద్ధతి నాకు తెలియదు.

మా గ్రంథాలయం ఇప్పుడు ఊరికి చలివేంద్రం అయింది. గుమ్మంలో రెండు రంజన్లు పెట్టాం. ఆటోవాళ్లు నీళ్లకని వచ్చి పత్రికలు తిరగేసి పోతున్నారు. మధ్యాహ్నం కిష్టమ్మ వస్తుంది. ఎదురుగా గాజు బిల్డింగులో హౌస్‌కీపింగ్ చేస్తుంది, పొద్దటి షిఫ్టు అయిపోగానే వచ్చి పత్రికల గదిలో చల్లటి బండల మీద నడుం వాలుస్తుంది. "నువ్వు చదువు మేడం, నేను కండ్లు మూసుకొని ఇంట. నిద్రవోయిన్నంటే నీ దయ్యం బాలేదన్నట్టు" అంటుంది. సాయిచంద్ అని సాఫ్ట్‌వేర్ పిల్లాడొకడు రాత్రి డ్యూటీ చేసి ఇక్కడికొచ్చి కునుకు తీసేవాడు. నువ్వు చెప్పిన నీడలేనివాడి నవల ఇచ్చాను. ఇప్పుడు నిద్ర మానేశాడు. మధ్యాహ్నం బయట నడవాల్సొస్తే తన నీడ ఉందో లేదో చూసుకుంటున్నాడట.

సాయంత్రాలు కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక్క బల్బు ఉంచి, పిల్లలకు నేనే పైకి చదువుతున్నాను. ఏం చదువుతున్నానో తెలుసా? నాన్న రాసిన "గుట్ట మీది గొంతు". ఇంట్లోవి పెట్టొద్దన్నావు. నిజమే, నా దగ్గరున్నది ఒక్క ప్రతి, పిల్లల చేతుల్లో చిరిగిపోయేది. ముట్టుకోలేదు. ఇది గ్రంథాలయం ప్రతే. వెనక బీరువాలో పడి ఉంది.

మామా, ఆ నవల ఏం చేసిందో చూడు! నిన్న రజిత అని ఒకావిడ కోపంగా వచ్చింది. "ఏం సదివిపిస్తున్నరు మేడం? మా బుజ్జిని బువ్వకు పిలిస్తే పలుకుత లేదు. మూడుసార్లు పిలిచినా పలుకుత లేదు. చీపురు పట్టుకుంటే, నువ్వు అమ్మవో గుట్టవో నాకెట్ల తెలుస్తదంటది!" నాన్న నవలలో గుట్ట మూడుసార్లు పిలుస్తుంది కదా, అందుకని కొత్తగూడ పిల్లలంతా నాలుగో పిలుపు దాకా ఆగుతున్నారు. తల్లులు తిడుతున్నారు. నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో.

మే 31 ఆఖరి సాయంత్రం. ఆ రోజు చివరి అధ్యాయం నువ్వు వచ్చి చదవాలి. నాన్న పుస్తకం, అమ్మ తమ్ముడి గొంతు. నా ఆశ అదొక్కటే.

నీ మేనకోడలు,
నవనీత

పుప్పాలగూడ,
మే 2, 2025

నవనీతకు,

నువ్వు తెలివైనదానివి. తండ్రి పోలిక.

ఇంట్లోది పెట్టొద్దంటే గ్రంథాలయంలోది పెట్టావు. వద్దన్నది ఏ పుస్తకమో నీకు తెలియదా? రోజూ సాయంత్రం బల్బు కింద కూర్చొని అదే చదివి, చదివానని నాకే రాసి, పైగా నన్నే వచ్చి చదవమంటావు. గాయం మీద కారం చల్లేవాళ్లను చూశాను. ఆ కారం నన్నే దంచి తెమ్మన్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను.

ఆ పుస్తకం తప్పు. పిలుపుగుట్ట మూడుసార్లు పిలవదు. నేను పుట్టిన ఊళ్లో ఏ గుట్టా మూడుసార్లు పిలవలేదు. అది రాసినవాడికి తెలుసు, అచ్చేసినవాడికి తెలియదు. మూడోసారి కూడా గుట్టే పిలిస్తే ఇక మనిషి ఎన్నోసారి పిలవాలి? ఎవరు ఎవరికి పలకాలి? నీ కొత్తగూడ పిల్లలు తల్లులకు పలకడం మానేశారంటే అది సంబరమా?

నేను రాను. నాకు ఉత్తరాలు రాయకు.

చంద్రయ్య

కొత్తగూడ,
మే 9, 2025

మామా,

నీ ఉత్తరం బల్ల దగ్గర నిలబడే చదివాను. చదివి రంజన్ల దగ్గరికి వెళ్లి మొహం కడుక్కొని వచ్చాను.

నాన్న జీవితంలో రాసింది ఆ ఒక్క పుస్తకం. ఇంటికెవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు దాన్ని చేతికిచ్చేవాడు. దాన్ని కూడా నువ్వు ఓర్వలేవా? నిజం చెప్పనా? అసూయ అనుకున్నాను. ఇంకొకటి కూడా రాస్తున్నాను, రాయకూడదనుకున్నదే. చివరి ఎండాకాలంలో అమ్మ నీకు రెండుసార్లు ఫోన్ చేసింది. నా ఎదురుగానే. నువ్వు ఎత్తలేదు. చావుకు వచ్చి మా గేటు బయట ఎండలో నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయావు. అంత గట్టి మనసా నీది?

ఇంతవరకూ రాసి, కవరులో పెట్టి, మళ్లీ బయటికి తీశాను.

మామా, నా చిన్నప్పుడు చిక్కడపల్లి మేడ మీది నుంచి అమ్మ నన్ను బువ్వకు పిలిచేది. రెండుసార్లు మామూలుగా పిలిచేది. మూడోసారి నవ్వుతూ పిలిచేది. నేను మొదటిసారే పరుగెత్తుకొస్తే, "జర ఆగాల్నే పిల్లా, మూడోది రానియ్యాలె" అనేది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. అమ్మకు గుట్ట రెండుసార్లే పిలుస్తుందని తెలిసి, నాన్న ఆమె పక్కనే కూర్చొని మూడుసార్లని ఎలా రాశాడు? ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఇచ్చిన ఆ పుస్తకాన్ని అమ్మ ఒక్కసారి కూడా తెరవగా నేనెందుకు చూడలేదు?

రాసినవాడికి తెలుసు, అచ్చేసినవాడికి తెలియదు అన్నావు. ఇద్దరా?

చెప్పు. ఇది మొదటి పిలుపనుకో.

నవనీత

(కార్డు)
మే 12

మామా, ఇది రెండోది.

(కార్డు)
మే 15

మామా, మూడోసారి పిలుస్తున్నాను. నేను మనిషినే.
నవనీత

పుప్పాలగూడ,
మే 20, 2025

బిడ్డా,

పలుకుతున్నాను.

ఈమధ్య నాకు మధ్యాహ్నాలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతున్నాయో తెలియడం లేదు. పడుకుంటాను. కిటికీలో ఎదురుగా గాజు బిల్డింగు, అందులో ఇంకో గాజు బిల్డింగు, దాంట్లో మబ్బు. పిలుపుగుట్ట ఉండిన చోటు అదే. గాజు పలకదు, చూపిస్తుంది అంతే. కానీ చెవులు పోయినకొద్దీ లోపలి చప్పుళ్లు పెరిగాయి. కళ్లు మూతపడుతుంటే గుట్ట మీద మేకల గంటలు వినిపిస్తాయి. మా అక్క చింతపండులో గింజలు తీసి సత్తుగిన్నెలో వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. టక్, టక్.

అది డెబ్బైనాలుగో సంవత్సరం ఎండాకాలం. పంచాయతీ ఆఫీసు పక్కన చదువుల గది ఉండేది. దాని అరుగు మీద అక్క చింతపండు ముందేసుకొని కూర్చునేది, నేను రాసిన కాగితాలు పట్టుకొని కూర్చునేవాణ్ణి. ఒక్కో పేజీ చదివేవాణ్ణి. "గీడ భయమైత లేదురా. మళ్ల రాయి" అనేది. మళ్లీ రాసేవాణ్ణి. ఒకరోజు చదువుతుంటే గింజల చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే అక్క చేయి గాల్లోనే ఉంది. గుట్ట వైపు చూస్తోంది. ఆ రోజు నాకు తెలిసింది, నాకు రాయడం వచ్చిందని.

ఆ నవల పేరు "గుట్ట మీది గొంతు".

అక్కకు అప్పటికి పెళ్లయి ఏడాది, ఎండాకాలానికని పుట్టింటికొచ్చింది. మీ నాన్న వెంకటనారాయణ చిక్కడపల్లిలో ప్రెస్సులో మేనేజరు. "ఇటియ్యి బామ్మర్దీ, నేను అచ్చేపిస్త. అట్ట మీద నీ పేరు గింత లావు అక్షరాలతోని" అని రెండు చేతులూ చాపి చూపించాడు. మాట ఇచ్చాడు. అదే ఆ మాట.

పుస్తకం వచ్చింది. అక్షరాలు నిజంగానే లావుగా ఉన్నాయి. పేరు మాత్రం ఆయనది. "చంద్రయ్య అంటే ఎవడు కొంటడు? నా పేరైతే షాపులోళ్లకు ఎరుకే. ఇంట్ల మనిషివి, నీదేంది నాదేంది" అన్నాడు. పేరు పోతే పోయింది. లోపల తెరిచి చూశాను. గుట్ట మూడుసార్లు పిలుస్తోంది. మూడైతే ఇంకా భయంగా ఉంటుందని ఆయనే కలిపాడట. బిడ్డా, దొంగతనం చేసినవాడు దోచుకున్నదాన్ని బాగానైనా చూసుకోవాలి.

అక్క అక్కడే కూర్చొని ఉంది. నువ్వు కడుపులో ఉన్నావు. ఆమె నోరు విప్పలేదు. నేను వచ్చేశాను. తర్వాత ఒక్క పేజీ కూడా రాయలేదు. రాస్తే ఎవరికి చదివి వినిపించాలి?

ఫోన్ల సంగతి అడిగావు. దానికి ఇప్పుడు జవాబు రాయను.

నీ తండ్రిని నీకు కాకుండా చేయడం నా ఉద్దేశం కాదు. నువ్వు మూడుసార్లు పిలిచావు, అంతే.

మామ

కొత్తగూడ,
మే 25, 2025

మామా,

నాన్న నన్ను సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకొని తిప్పిన నాన్నే. ఈ పని చేసింది కూడా ఆయనే. రెండూ ఒకే మనిషి అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అలవాటు కావాలి.

నిన్న సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి చెప్పాను. పుస్తకంలో తప్పు పడింది, అసలు కథలో గుట్ట రెండుసార్లే పిలుస్తుంది, దీన్ని రాసింది మా చంద్రయ్య మామ అని. బుజ్జి లేచి, "అయితే మూడోసారి పిలిచింది మా అమ్మేనా?" అంది. అవునన్నాను. వెంటనే ఏడ్చింది. ఇన్ని రోజులూ అమ్మను గుట్ట అనుకున్నానని ఏడ్చింది. కిష్టమ్మ పడుకున్నది లేచి కూర్చొని, "ఇగ కుదిరింది కథ. నాలుగుసార్లు పిలిచే ఓపిక ఏ తల్లికుంటది?" అంది.

ఇప్పుడు నీకొకటి చెప్పాలి. నేను తప్పుగా అర్థం చేసుకున్నది.

అమ్మ రెండోసారి ఫోన్ చేసి పక్కన పెట్టేసినప్పుడు, "ఎత్తనివాడికి ఎందుకు చేస్తవమ్మా, వదిలెయ్" అన్నాను. అమ్మ నవ్వింది. "వాడు మూడోదానికే పలుకుతడు. ఇయ్యాల అలసిపోయిన. రేపు చేస్త" అంది. మతి సరిగా లేక అంటోందనుకున్నాను. తెల్లారేసరికి మాట పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయాం. ఆ తర్వాత సంగతి నీకు తెలుసు.

ఆ మాటకు అర్థం నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నువ్వు పట్టించుకోలేదని రెండేళ్లు నిన్ను తిట్టుకున్నాను మామా. క్షమించు.

31న రా. నువ్వు ఒప్పుకుంటే అట్ట మీద నాన్న పేరు పైన నీ పేరు అంటిస్తాను. లావు అక్షరాలతో. రాకపోతే ఆ చివరి అధ్యాయం ఎవరూ చదవరు. నేను చదవలేను. తప్పు ముగింపు చదవడానికి నోరు రాదు, సరైనది నీ దగ్గరే ఉంది.

వెనక వరసలో తలుపు పక్కన నీ కుర్చీ వేసి ఉంచుతాను.

నీ
నవనీత

పుప్పాలగూడ,
జూన్ 3, 2025

బిడ్డా,

ఆ రోజు వానలో తడిసినందుకు జలుబు చేసింది, అందుకే ఆలస్యం. నువ్వు ఆటో ఎక్కిస్తానంటే వినకుండా బస్సుకోసం నిలబడ్డాను కదా. టైమ్ కీపర్‌గా పనిచేసినవాడు బస్సు కోసం ఎదురుచూడటం కూడా ఒక శిక్షే. అనుభవించాను.

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. యంత్రం డబ్బాలోనే వదిలేసి వచ్చాను. వాన మొదలై, కరెంటు పోయి, మీరు కొవ్వొత్తులు వెలిగించాక, నువ్వు ముందు నిలబడి నన్ను పిలిచావు. నాకేమీ వినిపించలేదు. నీ పెదవులు నన్ను పిలుస్తున్నట్టు కదలడం కనిపించింది. నేను కదలలేదు. మళ్లీ కదిలాయి. కదలలేదు. చాలామంది వెనక్కి తిరిగి చూశారు. ముసలాడికి పొగరు అనుకొని ఉంటారు, అనుకోనీ. అప్పుడు పిల్లలందరి నోళ్లూ ఒక్కసారే తెరుచుకున్నాయి. అంతమంది ఒకేసారి అరిస్తే చెవిటివాడికి కూడా తెలుస్తుంది బిడ్డా. కుర్చీ కోళ్లలోంచి, బండల్లోంచి వచ్చి కాళ్లకు తగిలింది. లేచాను.

ఏం చదివానో, ఎలా చదివానో నాకు తెలియదు. నా గొంతు నాకు ఛాతీలో గరగర మాత్రమే. కొవ్వొత్తి వెలుగులో మొహాలన్నీ చెరువులో దీపాల్లా కదులుతున్నాయి. ఒకచోట కిష్టమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. గాల్లోనే ఆగింది. చాలు అనుకున్నాను.

చదవడం అయ్యాక ఆ బుజ్జి వచ్చి నా ఎడమ చెవిలో అరిచింది. "తాతా, ఆ గుట్ట ఇప్పుడేడుంది?" పేల్చి, కంకర చేసి, ఈ రోడ్లకింద, ఈ బిల్డింగుల్లో, మీ ఫ్లైఓవర్ కాళ్లలో పోశారని చెప్పాను. ఆలోచించి, "అయితె ఇప్పుడు అన్ని దిక్కులకెంచి పిలుస్తదా?" అంది. "పిలుస్తది. కానీ రెండుసార్లే" అన్నాను. తృప్తిపడి వెళ్లిపోయింది. ఆ పిల్ల రాస్తుంది చూడు.

నా పేరు అంటించొద్దు. మీ నాన్న పేరు అలాగే ఉండనీ. ఆ పుస్తకంలో గుట్ట మూడుసార్లు పిలుస్తుంది, అది నేను రాసింది కాదు. తప్పు కథకు తప్పు పేరే సరిగ్గా అతికింది. నేను రాసింది ఆ రాత్రి చదివాను, విన్నవాళ్లు విన్నారు. ఇక మీ నాన్నను వదిలేశాను. "నల్లబావి" రచయితను కూడా వదిలేశాను. ఎన్ని పౌర్ణములు కావాలంటే అన్ని పెట్టుకోనీ. వచ్చే ఎండాకాలానికి పుస్తకాలు ఇప్పుడే ఆలోచిస్తున్నాను. అన్నీ మధ్యాహ్నపు దయ్యాలే.

మామ,
చంద్రయ్య

తా.క. కవరు అంటించబోయి మళ్లీ కలం తీశాను. ఫోన్ల సంగతికి జవాబు బాకీ ఉంది. ఆ రోజు మొదటిసారి మోగినప్పుడు అక్క పేరు చూశాను. రెండోసారి కూడా చూశాను. తర్వాత చెవికి తెలియకపోయినా చేతికి అదురు తెలుస్తుందని ఫోన్ అరచేతిలో పట్టుకొని కూర్చున్నాను. పొద్దుగూకింది, తెల్లారింది, మళ్లీ ఎండెక్కింది. మూడోది మొదలుకాగానే ఎత్తుదామని చేయి కూడా మార్చలేదు. రేపు చేస్తానన్నదని నువ్వు రాశాక ఇంకా కోపం వచ్చింది. ఒక్క వేలు కదిపితే అయ్యేపని రేపటికి ఎందుకు పెట్టింది? రెండుసార్లు పిలిచి ఊరుకునేది గుట్ట అని మా అమ్మ ఆమెకు కూడా చెప్పింది కదా. అందరినీ వదిలేశాను బిడ్డా, ఒక్కరిని మాత్రం వదలను. తప్పు మా అక్కది. నీలమ్మది.